ఎసట్లో పడని గుప్పెడు

మా అమ్మమ్మ వంటింట్లో బియ్యం డబ్బా పక్కన మూతి విరిగిన మట్టి ముంత ఒకటి ఉండేది. రెండు పూటలా ఎసరు పెట్టి, బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, కడిగేముందు ఒక గుప్పెడు తీసి అందులో పడేసేది. ప్రత్యేకంగా ప్రార్థనలాంటిదేం చేసేది కాదు. ఒక్కోసారి పొయ్యి ఊదుతూ, మమ్మల్ని తిడుతూనే వేసేది. బియ్యం అడుగంటిన రోజుల్లో గుప్పిట చిన్నదయ్యేది గానీ ఆ పని మాత్రం మానేది కాదు. "ఒక ముద్ద తగ్గితే సచ్చిపోతామేటి" అనేది, ఎవరూ అడక్కపోయినా.

తెలుగునాట చర్చికి వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి ఈ గుప్పెడు బియ్యం సంగతి తెలిసే ఉంటుంది. కొన్ని సంఘాల్లో ఆ బియ్యం అమ్మి పాస్టరు గారి జీతంలో కలుపుతారు. కొన్నిచోట్ల సువార్త ఖర్చులకి పంపుతారు. మా సోంపేటలో అది వేరే దారి పట్టింది.

1980ల మాట ఇది. నాన్నకి తరచూ బదిలీలు అవుతుంటే చదువు పాడవుతుందని నన్ను అమ్మమ్మ దగ్గర దించేశారు. సోంపేట తెలియనివాళ్లకి చెప్పాలంటే, శ్రీకాకుళం జిల్లాకి పైకొస. ఇచ్ఛాపురం దాటితే ఒడిశానే. ఇటు సముద్రం, కొబ్బరితోటలు, జీడితోటలు. అటు మహేంద్రగిరి కొండలు. రైల్వే స్టేషన్ బోర్డు మీద సోంపేట అని ఉంటుంది కానీ స్టేషన్ ఉన్నది కంచిలిలో. కొత్తగా దిగినవాళ్లు ఊరేదని వెతుక్కునేవాళ్లు. అలా వెతుక్కునేవాళ్లలో చాలామంది కళ్లు సరిగా కనపడనివాళ్లే కావడం ఇంకో విచిత్రం.

ఎందుకంటే వాళ్లంతా ఆరోగ్యవరం కంటి ఆసుపత్రికి వచ్చేవాళ్లు. కెనడా నుంచి వచ్చిన మిషనరీ డాక్టరు బెన్ గల్లిసన్ అక్కడ కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన పని గురించి విని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి కొంతమందిని కూడగడితే 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. ఇవాళ చాలా దేశాల్లో పనిచేస్తున్న సంస్థ మా ఊరి మంచాల దగ్గర మొదలైందన్నమాట. గల్లిసన్ దొరగారిని నేను చూడలేదు. పెద్దవాళ్లు ఆయన్ని తలుచుకోని రోజు కూడా చూడలేదు.

అప్పట్లో శుక్లం ఆపరేషన్ అంటే ఇప్పటిలా పొద్దున్న వెళ్లి సాయంత్రానికి నల్లద్దాలతో ఇంటికి రావడం కాదు. కంట్లో ముదిరిపోయిన లెన్సును మొత్తంగా తీసేసేవారు. లోపల కొత్త లెన్సు పెట్టడమన్నది మావైపు మామూలు జనానికి ఇంకా అందలేదు. కట్టు కట్టాక రోజుల తరబడి వెల్లకిలా పడుకోవాలి. దగ్గకూడదు, వంగకూడదు, గట్టివి నమలకూడదు. ఆ తర్వాత జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలు. రోగి సంగతి సరే, తోడు వచ్చినవాళ్ల పాట్లు చూడాలి. కొండల మీది సవరవాళ్లు, బరంపురం వైపు నుంచి ఒడియావాళ్లు, మా చుట్టుపక్కల కొబ్బరితోటల సీమ ఉద్దానం ఊళ్లవాళ్లు, అందరూ మూటాముల్లెతో వచ్చి చెట్ల కిందే ఉండేవాళ్లు. మూడు రాళ్లు పెట్టి వండుకునేవాళ్లు. తెచ్చుకున్న గింజలు అయిపోతే అంతే సంగతులు.

మా చర్చి స్త్రీల సమాజం గురువారం మధ్యాహ్నం కూడేది. మగవాళ్లు పనుల్లోనో కునుకులోనో ఉండే వేళ చూసుకుని పెట్టుకున్నారని నా అనుమానం. పాట, ప్రార్థన, వాక్యం అయ్యాక కార్యదర్శి టీచరమ్మ గారు హాజరు పిలిచేవారు. మిషన్ బడిలో చదివి, అదే బడిలో పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. తెల్లచీర, నల్లగొడుగు, మాటలో తూకం. అసలు పని హాజరయ్యాక మొదలయ్యేది. ఒక్కొక్కరూ సంచిలోంచో కొంగుమూటలోంచో బియ్యం తీసి, నేలమీద పరిచిన దుప్పటిలో పోసేవాళ్లు. తవ్వతో కొలిచి టీచరమ్మ గారు నోటుబుక్కులో రాసుకునేవారు. ఎవరివి ఎన్నో పైకి చదివేవారు కాదు. చదవక్కర్లేదు కూడా, అందరి కళ్లూ దుప్పటి మీదే. కంట్రోలు బియ్యం ఎవరివో, కొత్తబియ్యం ఎవరివో, పురుగులు చెరక్కుండా తెచ్చిందెవరో రంగు చూసి చెప్పేసేవాళ్లు.

"దేవుడికి పురుగులు పెడతావేటే?" అని మందస పిన్నిని మా అమ్మమ్మ అందరిముందూ అనేసింది ఒకసారి. ఆవిడ కొన్నాళ్లు సమాజానికి రావడం మానేసింది. ముంత మాత్రం వాళ్ల చిన్నకూతురి చేత పంపించేది. ఆ బియ్యం అద్దంలా ఉండేవి.

ఇక్కడో చిక్కుంది. ఇరవై ఇళ్ల బియ్యం కలిపి వండి చూడండి, తెలుస్తుంది. కొత్తబియ్యం ముద్దయిపోయేసరికి పాతబియ్యం పలుకు విడవవు. కంట్రోలు బియ్యం అడుగంటుతాయి. ఆ కలగూరగంప బియ్యం అన్నానికి పనికిరావు. అమ్మబోతే కోమటి కొట్లో సగం ధర కూడా పలకవు. మొదట్లో కొన్నాళ్లు కోళ్లకి వేసుకునేవాళ్లకి అమ్మారట. ఇంతమంది ఆడవాళ్లు కడుపు కట్టుకుని దాచింది కోళ్లు తినడమేమిటని మా అమ్మమ్మకి మంట. తిరగలి తెచ్చి అన్నీ కలిపి నూక విసిరేసింది. నూకైపోయాక ఎవరి బియ్యం ఏవో తెలియదు, ఉడకడంలో తేడా ఉండదు. పలచగా గంజి కాచి, ఉప్పేసి, చల్లారాక మజ్జిగ కలిపితే నమలాల్సిన పనే లేదు. కంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి సరిగ్గా కావలసింది అదే. అక్కణ్ణుంచి ఆ గంజి ఆగలేదు.

వంతులుండేవి. మా వంతు వచ్చిన రోజు తెల్లవారుజామునే లేపేసేది. ఇత్తడి బిందెలో గంజి, దానిమీద అరిటాకు, మళ్లీ దానిమీద గుడ్డ. కవిటి పెద్దమ్మ ఒకవైపు, అమ్మమ్మ ఒకవైపు పట్టుకుంటే నేను గ్లాసుల సంచితో వెనక నడిచేదాన్ని. నాకిచ్చిన పని గ్లాసు పట్టుకోవడం, కారితే తుడవడం. మంచం మీద తల కదపకుండా పడుకున్నవాళ్లకి చెంచాతో పట్టడం అమ్మమ్మే చేసేది. తొందరపడితే పొలమారుతుంది. పొలమారితే దగ్గొస్తుంది. దగ్గితే కుట్లు తెగుతాయి. అందుకని చెంచా పెదవికి ఆనించి, లోపలికి వంచకుండా, వాళ్లే పీల్చుకునేదాకా ఆగేది. ఒక్కో మనిషికి అంతసేపు పట్టేది. నాకు బడి టైమవుతుంటే లోపల్లోపల టెన్షన్, బయటికి అంటే వీపు చీరేస్తుందని భయం.

ఒకసారి ఒడియా ముసలమ్మ ఒకావిడ రెండు చెంచాలు తాగి మూతి తిప్పేసుకుని ఏదో అంది. మా ఊళ్లో అందరికీ అంతో ఇంతో ఒడియా వచ్చు. "లూణొ నాయి" అంటోంది, ఉప్పు లేదని. కవిటి పెద్దమ్మకి ఒళ్లు మండింది, ఉచితంగా తాగుతూ వంకలా అని. అమ్మమ్మ మాత్రం తెగ సంబరపడిపోయింది. "నోరు లేచిందమ్మా, ఇంక కన్నూ లేస్తది" అని ఉప్పుగల్లు తెచ్చి కలిపింది. ఆ ముసలమ్మ మర్నాడు పులుపు చాలలేదంది.

వీళ్లని దేవతల్ని చేసి రాయడం నాకిష్టం లేదు, ఎందుకంటే కారు. పెద్దింటి కోడలు వంతు రోజు చెమట పట్టకుండా పాలేరు చేత బిందె మోయించేది. కొందరి ఇళ్లలో కొందరు నీళ్లు ముట్టేవాళ్లు కాదు, బాప్తిస్మం అయ్యి తరాలు గడిచినా. అమ్మమ్మ నోరు సంగతి చెప్పాను కదా. అయినా ఒక విషయంలో అందరూ గట్టిగా ఉండేవాళ్లు. మంచం మీద ఉన్న మనిషి ఏ కులం, ఏ మతం అని అడగడం మాత్రం వినలేదు. "మా చర్చికి రండి" అన్న మాట కూడా గంజి దగ్గర అనకూడదని టీచరమ్మ గారి ఆర్డరు. "కదల్లేనివాళ్ల దగ్గర ప్రసంగం చేయడం మర్యాద కాదు" అనేవారావిడ.

గంజి పోను మిగిలిన నూక అమ్మగా వచ్చే చిల్లర టీచరమ్మ గారి పేర పోస్టాఫీసు పుస్తకంలో పడేది. ఇంటికెళ్లడానికి బస్సు చార్జీలు లేనివాళ్లకి అందులోంచి ఇచ్చేవాళ్లు. వేసవిలో ఇంకో పని ఉండేది. ఇంటింటికీ తిరిగి పాత నూలుచీరలు పోగుచేసి, సోడా వేసి ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, నిలువునా పట్టీలుగా చింపి చుట్టలు చుట్టేవాళ్లు. సాలూరు ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి వైపు వెళ్లేవాళ్లుంటే వాళ్లతో మూట పంపేవాళ్లు. బైబిల్లో విధవరాళ్లకి బట్టలు కుట్టిపెట్టిన దొర్కా కథ ఉంది కదా, ఆ రోజుల్లో ఆ కథే చదివించుకునేవాళ్లు. చీర చింపేటప్పుడు వచ్చే చర్రుమనే చప్పుడు పిల్లలకి మహా సరదా. మేమూ చింపుతామని ఎగబడేవాళ్లం.

ఇంతకీ గొడవ సంగతి. చర్చిలో కోత పండుగ వేలంపాట బాగా జరిగిన ఏడాది అది. గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరటిగెలలు ఎగబడి పాడుకున్నారు. సంఘ పెద్దలకి ఆ ఊపులో చర్చికి మైకు సెట్టు కొనాలని ఆలోచన వచ్చింది. డబ్బు ఇంకా కొంత తక్కువ పడింది. ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి లేచి, స్త్రీల సమాజం వాళ్ల దగ్గర పోస్టాఫీసులో డబ్బు ఊరికే పడుంది కాబట్టి దాన్ని దేవుని మందిరానికి ఇస్తే దీవెనకరంగా ఉంటుందన్నారు. మగవాళ్ల వైపు నుంచి ఆమెన్‌లు వినిపించాయి.

ఆడవాళ్ల చాపల వైపు గుసగుసలు. ఎవరూ లేవరు. చివరికి కవిటి పెద్దమ్మ కూర్చున్నచోటి నుంచే, "మైకు లేపోతే దేవుడికి ఇనబడదేటి బావూ?" అంది.

పిల్లలం కిసుక్కున నవ్వాం. పాస్టరమ్మ గారు తల వంచేసుకున్నారు, ఆవిడ భుజాలు కదలడం నేను చూశాను. ఆ పెద్దమనిషికి కోపం వచ్చి, స్త్రీలు సంఘంలో మౌనముగా ఉండవలెనని వాక్యం చెబుతోందని గుర్తుచేశారు. అప్పుడు టీచరమ్మ గారు లేచి నిలబడ్డారు. కొంగు సర్దుకుని, పాఠం చెప్పే గొంతుతోనే అన్నారు: "అలాగేనండి. మౌనంగానే ఉంటాం. పుస్తకం మాత్రం ఇవ్వం."

కూర్చున్నారు. అంతే. పాస్టరు గారు గబగబా ముగింపు ప్రార్థన చేసేశారు.

మైకు తర్వాత ఎలాగో వచ్చింది. దాంట్లోంచి వచ్చే గీ అనే కూతకి సగం ప్రసంగాలు నాకు అర్థం కాలేదనుకోండి, అది వేరే సంగతి. ఆ రోజు ఇంటికొచ్చాక తాతయ్య అమ్మమ్మతో మాట్లాడలేదు. అమ్మమ్మ రాత్రి ఎసరు పెట్టి, ఎప్పట్లాగే గుప్పెడు తీసి ముంతలో వేసింది. ఆ పూట గుప్పిట కాస్త పెద్దదే.

ఎన్నో ఏళ్ల తర్వాత మిషన్ చరిత్ర చదువుతుంటే నాకు మా టీచరమ్మ గారు మళ్లీ కనపడ్డారు. మా ప్రాంతానికి వచ్చింది కెనడాలోని నోవా స్కోషియా వైపు బాప్టిస్టులు. అక్కడ హన్నా మరియా నోరిస్ అనే యువతి బర్మా వెళ్లి సేవ చేస్తానంటే, మిషన్ బోర్డు డబ్బులు లేవంది. అయితే ఆడవాళ్లనే అడుగుతానని ఆవిడ 1870లో ఊరూరా తిరిగి ముప్పైకి పైగా స్త్రీల సంఘాలు పెట్టింది. ఇంటిఖర్చుల్లోంచి మిగిల్చిన చిల్లర పోగుచేసుకుని ఆ ఆడవాళ్లు ఆవిణ్ణి పంపారు. ఆ మిషన్ తర్వాత కొన్నేళ్లకే తెలుగునేలకి మళ్లింది. బొబ్బిలి, భీమిలి, శ్రీకాకుళం, విజయనగరం, పాలకొండ, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట, ఇవన్నీ వాళ్లు బళ్లో ఆసుపత్రులో పెట్టి పనిచేసిన ఊళ్లు. మిషనరీ మిస్సమ్మల కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవమే. కానీ ఆ మిస్సమ్మల వెనక ఎక్కడో చలిదేశంలో పిండి డబ్బా పక్కన చిల్లర డబ్బా పెట్టుకున్న ఆడవాళ్లున్నారని, ఆ డబ్బా తాళం మగవాళ్లకి ఇవ్వలేదని తెలిశాక నాకు వాళ్లే ఎక్కువ చుట్టాలనిపించారు. మా అమ్మమ్మకి ఈ సంగతి చెప్పే వీలు లేకపోయింది. అప్పటికే ఆవిడ లేదు.

ఆరోగ్యవరం గంజి ఎప్పుడు ఆగిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఎవరూ ఆపలేదు, అవసరమే తగ్గిపోయింది. కంట్లోనే లెన్సు పెట్టే ఆపరేషన్లు వచ్చాయి. రోగులు వెంటనే లేచి నడుస్తున్నారు, ఇంటికెళ్లి తింటున్నారు. చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యిలు పోయాయి. స్త్రీల సమాజం కొన్నేళ్లు ప్రపంచ ప్రార్థనా దినం జరపడం, క్రిస్మస్‌కి చీరలు పంచడం వరకే ఉండిపోయింది. చీరల పంపకం ఫొటోల్లో ఫ్లెక్సీ పెద్దదిగా, తీసుకునేవాళ్లు చిన్నగా కనపడేవాళ్లు. ఆ కాలం గురించి రాయడానికి నాకు పెద్దగా ఏమీ లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నేను విశాఖలో ఉన్నాను. మూడు రోజులు ఊరికి ఫోన్లు కలవలేదు. బయల్దేరి వెళితే కంచిలి నుంచి దారంతా కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడున్నాయి. తాతల నాటి జీడిచెట్లు, పనసచెట్లు కూలిపోయాయి. కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటార్లు ఆడవు, మోటార్లు ఆడకపోతే తాగడానికి నీళ్లు లేవు. జనరేటరున్నవాడే ఆ వారం రాజు. కొవ్వొత్తుల ధర ఎంత చెబితే అంత.

మా పిన్ని కూతురు అప్పుడు స్త్రీల సమాజం కోశాధికారి. చర్చి రేకులు సగం ఎగిరిపోయాయి, ఆ సంగతి తర్వాత చూద్దాం అని అటక ఎక్కి, నిరుడు క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధనలో మిగిలిన డబ్బాలు దించింది. ఒక్కోటి సగానికి విరిచి పేటలో అన్ని ఇళ్లకీ పంచారు. వంటకి పెద్ద గుండిగలు లేవు. దసరా రోజులు, అమ్మవారి గుడి కమిటీ దగ్గర ఉన్నాయి. ఈవిడ వెళ్లి అడిగింది. వాళ్లు ఇస్తామని, కట్టెలు తడిసిపోయాయి, మీ దగ్గర గ్యాసు బండలుంటే అక్కడే కలిపి వండుదామన్నారు. నేను వెళ్లేసరికి గుడి పందిట్లో పాస్టరమ్మ గారు, గుడి పూజారి గారి భార్య ఎదురెదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. పులిహోరలో ఇంగువ వేయాలా వద్దా అని వాదన నడుస్తోంది. ఇంగువే నెగ్గింది.

తుఫాను పుణ్యమా అని మా స్త్రీల సమాజం వాళ్లు ఊళ్లమ్మట తిరిగారు. తిరిగితే కంటబడింది వేరే సంగతి. ఉద్దానంలో ఏ వీధికెళ్లినా కిడ్నీ జబ్బు మనిషి ఒకరైనా ఉన్నారు. ఆ జబ్బు ఎందుకొస్తోందో నిపుణులు ఏళ్ల తరబడి వెతుకుతున్నా ఇదీ కారణమని తేలలేదు. సోంపేట, పలాస, కవిటిల్లో డయాలసిస్ జరుగుతోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి వచ్చాయి. హిరమండలం నుంచి నీళ్లొచ్చే పథకం కూడా వచ్చింది. కానీ వారానికి రెండుమూడుసార్లు మంచాన పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవలసిన మనిషికి తోడు ఎవరు వెళ్లాలి, ఆ రోజు కూలి ఎవరిస్తారు, ఆ పూట ఏం తింటారు?

మావాళ్లు పాత అలవాటు కొద్దీ గంజి కాచుకుని, దానితో పాటు కొబ్బరిబోండాలు పట్టుకుని వెళ్లారు. ఉద్దానం కదా, చేతికందేది కొబ్బరే. అక్కడి నర్సమ్మ చూసి లబోదిబోమంది. డయాలసిస్ మనిషికి నీళ్లు లెక్క ప్రకారమే తాగాలి, పలచటి గంజి గ్లాసులకి గ్లాసులు పడితే ఒంట్లోనే ఉండిపోతాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, గుండెకే ప్రమాదం. అంతా తిరిగి మోసుకొచ్చారు. మా పిన్ని కూతురు ఆ సాయంత్రం ఫోన్ చేసి ఏడుపొక్కటే తక్కువ. "అమ్మమ్మ చేసిందే చేశాం కదే, మేం తప్పేటి చేశాం?" అంటుంది.

రెండోసారి ముందు నర్సమ్మనే అడిగారు. ఇడ్లీ పెట్టొచ్చు. డయాలసిస్‌లో మాంసకృత్తులు పోతాయి కాబట్టి ఉడికించిన గుడ్డు తెల్లసొన మంచిదని చెప్పింది. పచ్చసొన వద్దంది. మరి ఇన్ని పచ్చసొనలు ఏం చేయాలన్నది సమాజంలో పెద్ద చర్చ. తోడు వచ్చినవాళ్లకి పెట్టాలని తీర్మానం. తోడువాళ్లకి పచ్చసొన ఒక్కటే పెడితే బాగుండదు, వాళ్లకి పూర్తి గుడ్డే ఇవ్వాలని ఇంకొకావిడ. లెక్క వేస్తే ఖర్చు పెరిగిపోయింది.

ఇప్పుడు గుప్పెడు బియ్యం ఎవరూ తేవడం లేదు. ఫోన్‌లోనే డబ్బు వేసేస్తున్నారు, నేనూ అంతే. మొన్న ఆలస్యం చేశానని ఫోన్ వచ్చింది. గుడ్డు రేటు మళ్లీ పెరిగిందట. "కార్తీకంలో ఎవరూ తినరు, గుడ్డు చవకైపోద్ది, అప్పుడు ఇంకా కొంతమందికి పెడతాం. అందాకా నువ్వు రెండు నెలలది ఒకేసారి పంపీ" అంది.